లైటు కోసం ఎత్తిన చెయ్యి

ఆ మధ్య ఒక సాయంత్రం షాపుకి ఒకాయన వచ్చాడు. ప్లాంటు యూనిఫాం, చంకలో హెల్మెట్. ఫ్యాను రెగ్యులేటర్ కావాలన్నాడు. డబ్బా విప్పి కౌంటర్ మీద పెట్టాను గానీ ఆయన దాన్ని చూడటం లేదు.

"దువ్వాడ స్టేషన్ రోడ్డులో మొక్కల నర్సరీ ఉన్నాది కదండి, గేటు కాడ ఒకాయన కూకునీవోడు. మీకు తెలుసేటి?" అని అడిగాడు.

"ఏం, మొక్కలు కావాలా?"

"మొక్కలక్కాదండి. నాను డ్యూటీ దిగి ఎల్తంటే రోజూ సెయ్యెత్తీవోడు. నానూ ఎత్తీవోణ్ని. ఈ మజ్జిన కనపడ్డం నేదు. కుర్సీ కూడా తీసీసినారు. మా మనవరాలి బారసాలకి పిలవనేదు కదా, కోపమొచ్చిందేటోనని."

"మీ చుట్టమా?"

"మా అమ్మ తరపోడే అయ్యుంటాడండి. పేరు గుర్తుకి రావడం నేదు. అన్నాళ్లు సెయ్యెత్తీసి, ఇప్పుడెల్లి పేరేటని అడిగితే ఏం బాగుంటాది?"

రెగ్యులేటర్ వేరే రంగులో ఉందేమో చూస్తానని చెప్పి లోపలి గదిలోకి వెళ్లాను. వేరే రంగు లేదని నాకు తెలుసు. అట్టపెట్టెల మధ్య కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఆయన చెయ్యెత్తింది ఈయనకి కాదు, లైటుకి. ఆ లైటు అమ్మింది నేనే.

పోయిన ఆ నర్సరీ మనిషి పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లలో ఒక్కరూ గుర్తుపట్టరు. నాకు ఆయన బావ, ఆయనకి నేను బావ. మా వైపు ఇద్దరు మగవాళ్లు రెండోసారి కలిశారంటే బావలైపోతారు. చుట్టరికం ఏమిటన్నది తర్వాత తీరిగ్గా వెతుక్కుంటారు, దొరక్కపోయినా పిలుపు మానరు. పద్మనాభం అవతల ఏదో ఊరు ఆయనది. వరి పండించే కుటుంబమట. అది వదిలి ఇక్కడికి ఎందుకొచ్చావని ఒకసారి అడిగితే, "బస్సొచ్చినాది, ఎక్కినాను" అన్నాడు. ఇంకోసారి అడగలేదు.

నేను చెప్పగలిగింది ఆయన కూర్చోవడం గురించి. అలా కూర్చునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయేవాడు. కాలు ఊపడం, వేళ్లు విరుచుకోవడం, ఫోను గెలకడం ఏమీ ఉండేవి కావు. నర్సరీలో మొక్కలతో పాటు సిమెంటు కొంగలూ సిమెంటు కుందేళ్లూ అమ్మేవాడు. అవి ఆ కుర్చీ చుట్టూనే ఉండేవి. ఒకావిడ కారు దిగి, ఆయన్ని దాటుకుంటూ లోపలికి వెళ్లి, నర్సరీ అంతా తిరిగి, ఎవరూ లేరనుకుని వెళ్లిపోయిందట. నువ్వు పిలవచ్చు కదా అంటే, "ఆవిడ మొక్కల్ని సూత్తందని ఊరుకున్నాను" అన్నాడు.

కొనడానికి వచ్చినవాళ్లకి గడ్డంతోనే దారి చూపించేవాడు. మందారాలు ఎక్కడ అంటే గడ్డం ఎడమకి తిరిగేది, తులసి అంటే కొంచెం కిందికి వంగేది. నోరు తెరవాల్సి వస్తే మాత్రం ఒకటే మాట, "అడగొద్దు, సూడు." ఈ మొక్క ఎండలో బతుకుతుందా అన్నా అదే, పూలు బాగా పూస్తుందా అన్నా అదే. అలాంటివాడి దగ్గర బేరం ఎలా సాగుతుంది? సగం మంది విసుక్కుని పోయేవాళ్లు. మిగతా సగం మంది కొనుక్కునే వెళ్లేవాళ్లు గానీ ఆయనతో మాత్రం మాట్లాడేవాళ్లు కాదు.

పొద్దున పూట కదిలేవాడు. తడిగుడ్డ తీసుకుని ఆకులు తుడిచేవాడు. మన ఊళ్లో దుమ్ముకేం తక్కువ, ఎర్రదీ నల్లదీ కలిసి తెల్లారేసరికి ప్రతి ఆకు మీదా ఒక పొర పేరుకుంటుంది. ఆకు కింద అరచెయ్యి పెట్టి పైన గుడ్డతో మెల్లగా తుడిచేవాడు. ఏం చేస్తున్నావు బావా అంటే, "మొకాలు కడుగుతన్నాను" అనేవాడు. తన ముఖం కడుక్కున్నాడో లేదో చూసుకునే అలవాటు ఆయనకి లేదు. గడ్డం మాసి ఉండేది, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకునేవాడు. చెప్పేవాళ్లెవరు?

మా పరిచయం చామంతుల వల్ల అయింది. కార్తీకం వచ్చింది, ఎక్కడ చూసినా చామంతులు పూస్తున్నాయి, ఆయన దగ్గర మాత్రం ఒక్క మొగ్గ లేదు. ఆకులు ఏపుగా ఉన్నాయి, అంతే. ముందు మట్టిని అనుమానించాడు. తర్వాత ఎరువుని. ఆ తర్వాత, ఎవరో పెద్ద కళ్లావిడ వచ్చి చామంతుల్ని చూసి ఎంత బాగున్నాయో అని పోయిందట, దిష్టి తగిలిందని తేల్చుకున్నాడు. గేటుకి బూడిదగుమ్మడికాయ కట్టాడు. అది చాలదని చామంతి మడిలో నల్లకుండకి సున్నం బొట్లు పెట్టి కర్రకి బోర్లించాడు. ఆ కుండని చూసి కొనేవాళ్లు రావడం ఇంకా తగ్గింది. చివరికి మేనకోడలు వచ్చి చెప్పిందట, మావయ్యా, రాత్రంతా నెత్తిన లైటు వెలుగుతుంటే వాటికి రాత్రయిందని ఎలా తెలుస్తుందీ అని. ఆ పిల్ల పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తుంది. ఆదివారం ఆదివారం క్యారియర్ పట్టుకుని వచ్చి మావయ్యకి పెట్టి వెళ్లేది.

కుండీలు ఎవరైనా ఎత్తుకుపోతారని గేటు మీద పెద్ద హేలోజన్ లైటు పెట్టుకున్నాడు ఆయన. పొద్దుగూకినప్పటి నుంచీ తెల్లారేదాకా అది వెలుగుతూనే ఉండేది. కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకునేవాడు గానీ తీసెయ్యడానికి ధైర్యం చాలేది కాదు.

అలా నా షాపుకి వచ్చాడు. నాకు కొనేవాళ్ల మీద ఒక పాత కోపం ఉంది. వచ్చినవాళ్లంతా మంచి లైటు ఇమ్మంటారు. ఆ లైటుతో ఏం చూడాలి అంటే చెప్పరు. ఎన్ని వాట్లు అని అడుగుతారు, వెలుగు ఎక్కడ పడాలో అనుకోరు. చిన్న బడ్డీకొట్టు ముందు ఆటస్థలానికి సరిపడే లైటు పెట్టించుకుని, ఎదురింటివాళ్లు కిటికీకి దుప్పటి కట్టుకున్నారంటే ఆశ్చర్యపోతారు. ఈయన మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, "బావా, ఇది పడుకుంటాదా?" అని అడిగాడు.

"ఏది?"

"లైటు. మనిసి వొత్తే లేవాల, ఎల్లిపోతే పడుకోవాల. అలాటిది ఉన్నాదా?"

అంత తెలివిగా అడిగిన మనిషి రాక ఎన్నాళ్లయిందో. నాకు ఉత్సాహం వచ్చేసింది. సోలార్ వద్దన్నాను, ఆయన గేటు మీద పచ్చవల నీడ, పక్కన బాదం చెట్టు. తెల్ల వెలుగు వద్దన్నాను, వాన పడిన సాయంత్రం పురుగంతా అక్కడే చేరుతుంది, పసుపు వెలుగు మేలు. లైటు పైన టోపీలా రేకు ఉండాలన్నాను, వెలుగు గేటు మీద పడాలి గానీ చామంతుల మీద పడకూడదు. వెనక గోడ దగ్గర ఉన్న ట్యూబులైటు తీసేసి చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి, దానికి వేరే స్విచ్ పెట్టుకోమన్నాను. ఎవరైనా దగ్గరికి వస్తే వెలిగి, కదలిక లేకపోతే ఆరిపోయే సెన్సార్ లైటు తీసి చూపించాను. ఆయన దాని ముందు చెయ్యి ఆడించాడు. వెలిగింది. చెయ్యి దించి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆరిపోయింది. చాలాసేపు అలా ఆడుకున్నాడు. ఆయన నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

చామంతులు పూశాయి. ఆలస్యంగా పూసినా బాగా పూశాయి. ఒక కుండీ తెచ్చి నా కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

వెళ్లినవాడు వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. పూలు పూసేదాకా ఓర్చుకున్నాడట, ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

"బావా, నువ్విచ్చిన లైటు నన్ను మనిసిగా లెక్కెట్టడం నేదు."

నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ ఆయన నవ్వలేదు.

"నవ్వకు. కుక్కొత్తే ఎలుగుతాది. పిల్లొత్తే ఎలుగుతాది. కవరు ఎగిరొచ్చినా ఎలుగుతాదనుకో. నాను దాని కిందే కూకున్నాను, నన్ను సూసి ఆరిపోతాది."

ఆ సాయంత్రం షాపు తమ్ముడికి అప్పజెప్పి వెళ్లాను. సంధ్య పడుతోంది. నిజంగానే ఆయన కుర్చీలో కూర్చున్న కాసేపటికి లైటు ఆరిపోయింది. చీకట్లో సిమెంటు కొంగలు, వాటి మధ్యన ఆయన. నిచ్చెనెక్కి వెనకున్న మీట తిప్పి, ఎక్కువసేపు వెలిగేలా పెట్టాను. అయినా అంత కదలని మనిషికి ఆ కాస్త ఎక్కువసేపు ఏ మూలకి?

"కదులుతుండాలి బావా. అప్పుడప్పుడు చెయ్యెత్తు. అది నిన్ను చూస్తాది" అన్నాను.

ఆయన చెయ్యెత్తాడు. పైకంటా, తలకన్నా ఎత్తుగా, నిదానంగా. లైటు వెలిగింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద షిఫ్టు దిగి వస్తున్న బైకుల్లో ఒకతను మా వైపు చూసి, హారన్ కొట్టి, చెయ్యెత్తి వెళ్లిపోయాడు.

"ఎవులాడు?" అన్నాడు ఆయన.

"నాకేం తెలుసు, నీకు తెలిసినవాడనుకున్నాను."

"నాకెవులు తెలుసు బావా" అన్నాడు. చెయ్యి ఇంకా దించలేదు.

అలా మొదలైంది. ఇంటికి వెళ్లే దారిలో ఆ నర్సరీ దగ్గర బండి ఆపి కాసేపు కూర్చోవడం నాకూ అలవాటైంది. మా ఆవిడ పోయాక ఆ వేళకి ఇంటికి తొందరగా వెళ్లాల్సిన పని లేదు. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. లైటు ఆరేది, ఆయన చెయ్యెత్తేవాడు, రోడ్డు మీద ఎవరో ఒకరు తిరిగి ఎత్తేవాళ్లు. మా వైపు మనుషులకి ఒక జబ్బు ఉంది, ఎవరైనా చెయ్యెత్తితే ఎత్తినవాడు తమకి ఏదో అవుతాడనే అనుకుంటారు. ఎవరు నువ్వు అని అడిగితే చుట్టాన్ని మర్చిపోయినట్టు అవుతుంది. అందుకని ముందు చెయ్యెత్తేసి, దారంతా ఎవరై ఉంటాడా అని ఆలోచించుకుంటూ పోతారు. ఒకతను "బావా" అని అరిచి పోయేవాడు. ఇంకొకతను "మావా". వెనక కూర్చున్న ఒక ముసలావిడ ఏకంగా దణ్ణం పెట్టింది. ఒక్కరూ బండి ఆపలేదు. ఆపితే పేరు అడగాల్సి వస్తుంది కదా.

మొదట్లో ఆయన కంగారు పడేవాడు. తప్పు చేస్తున్నానేమో అనేవాడు. "ఆళ్లు నాకనుకుంటన్నారు, నాను లైటుకి ఎత్తుతన్నాను. మోసం కాదేటి?" తర్వాత ఆ మాట మానేశాడు. కుర్చీ గేటు లోపలి నుంచి గేటు బయటికి వచ్చింది. గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఒక రోజు వెళ్లేసరికి ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని ఉన్నాడు, గుండీలు కూడా వరసగా ఉన్నాయి. ఎక్కడికైనా వెళ్తున్నావా అంటే లేదన్నాడు. షిఫ్టు వదిలే వేళ.

ఆదివారాలు ఆయనకి నచ్చేవి కావు. మేనకోడలు తెచ్చిన అన్నం తినేవాడు, ఆ పిల్ల వెళ్లిపోయాక ఖాళీ రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎంత మందికి చెయ్యెత్తినా, వాళ్లలో గేటు లోపలికి వచ్చి కూర్చున్న మనిషిని నేను చూడలేదు. జ్వరం వచ్చి పడుకుంటే మాత్ర తెచ్చి ఇచ్చేవాళ్లు లేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒకసారి బైకులన్నీ వెళ్లిపోయాక, "ఇందరున్నారు సూడు బావా" అన్నాడు. అది సంతోషమో ఇంకొకటో నాకు అర్థం కాలేదు.

ఈ మధ్య కొత్త రకం సెన్సార్ లైట్లు వచ్చాయి. మనిషి కదలకపోయినా పర్వాలేదు, ఊపిరి తీసుకుంటే చాలు, ఉన్నాడని కనిపెడతాయి. నాకు వెంటనే ఆయన గుర్తొచ్చాడు. ఒకటి పట్టుకుని మధ్యాహ్నం వెళ్లాను. ఎండ మండిపోతోంది. ఆయన బాదం చెట్టు నీడలో కూర్చుని ఉన్నాడు. లైటు సంగతి చెప్పాను.

"ఊపిరి తీత్తే సాలా?"

"చాలు. నువ్వు కూర్చున్నంతసేపూ ఆరదు. కరెంటు కూడా దానికన్నా తక్కువే తాగుతాది."

చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వద్దులే బావా. ఊపిరి తీత్తే ఎలిగీ లైటైతే, నాను సెయ్యెందుకెత్తాల?"

ఆ మాట అంటుండగానే రోడ్డు మీద ఎవరో బైకు మీద వెళ్తున్నారు. ఆయన చెయ్యెత్తాడు. తలకన్నా ఎత్తుగా, నిదానంగా. నేను గేటు మీది లైటు వైపు చూశాను. పగటిపూట అది వెలగదు, ఎండ ఉన్నంతసేపూ దానికి పని లేదు. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాను. బైకతను చెయ్యెత్తి వెళ్లిపోయాడు. బావ నా వైపు చూడకుండా లైటు నా చేతిలో పెట్టేశాడు.

కొత్త లైటు వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఆయన పోయిన రోజు పొద్దున చామంతి మడి దగ్గర చిన్న పీట వేసుకుని ఆకులు తుడుస్తూ కూర్చున్నాడట. తుడుస్తూ తుడుస్తూ గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. పక్క టీకొట్టతను రెండు మూడుసార్లు చూశాడు. కదలడం లేదని అతనికి ఏమీ అనిపించలేదు. ఎప్పుడు కదిలాడు గనక? మధ్యాహ్నం ఎవరో గులాబీ మొక్క కోసం వచ్చి పిలిస్తే గడ్డం తిప్పలేదు, అప్పుడు తెలిసింది.

మేనకోడలు ఫోన్ చేస్తే వెళ్లాను. మోయడానికి మనుషులు సరిపోక టీకొట్టతను కొట్టు మూసి వచ్చాడు. షిఫ్టు వదలక ముందే అంతా అయిపోయింది. రోడ్డు ఖాళీగా ఉంది, చెయ్యెత్తేవాళ్లలో ఒక్కరూ చూడలేదు. స్నానం చేసి మళ్లీ అక్కడికే వచ్చి రోడ్డు అవతల నిలబడ్డాను. ఎందుకొచ్చానో తెలీదు. సంధ్య పడింది. బైకులు రావడం మొదలైంది. గేటు దగ్గరికి రాగానే అలవాటుగా చేతులు లేచేవి. కుర్చీ ఖాళీగా కనపడేసరికి సగంలో దిగిపోయేవి. నాకు ఏడుపు ఆగలేదు. హెల్మెట్ పెట్టుకుని ఏడ్చాను, ఎవరూ చూడకుండా.

ఇదంతా తలుచుకుంటూ లోపలి గదిలో ఎంతసేపు ఉండిపోయానో, బయటి నుంచి "రంగు దొరికిందేటండి?" అని ఆ యూనిఫాం ఆయన పిలిచాడు.

వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాను.

"లేదండి. ఆయన పోయారు. నాలుగు రోజులైంది."

ఆయన హెల్మెట్ కౌంటర్ మీద పెట్టేశాడు. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"మాకు కబురే రానేదు" అన్నాడు. నిజంగా చుట్టం పోతే పడే బాధ ఆ గొంతులో వినపడింది. "ఊరెక్కడండి ఆయంది?" అని అడిగాడు.

"పద్మనాభం అవతల."

"మా అమ్మగోరిదీ అటే. అనుకున్నాను." నా ముఖంలోకి చూశాడు. "నాను తెలుసా ఆయనకి? ఊరికే అడుగుతన్నాను. నన్ను సూసే సెయ్యెత్తీవోడా?"

లైటు కోసం ఎత్తేవాడని చెప్పెయ్యవచ్చు. అది అబద్ధం కాదు. అమ్మినవాణ్ని, మీట తిప్పినవాణ్ని, చెయ్యెత్తమని చెప్పినవాణ్ని. కానీ పట్టపగలు ఎండలో లేచిన చెయ్యి కూడా నేను చూశాను.

"మిమ్మల్ని చూసేనండి. మీరొచ్చే వేళకి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ బయటికి లాక్కునేవాడు."

ఆయన తల ఊపాడు. కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అలాగే ఉంచేసుకున్నాడు.

"మాకు మైల ఉంటాదేటండి? అమ్మ తరపంటే ఎన్నాళ్లు?"

"మైల సంగతి నాకు తెలీదు. కబురు విన్నారు కదా, ఇంటికెళ్లి తలారా స్నానం చెయ్యండి" అన్నాను. "చుట్టాలే."

రెగ్యులేటర్ మర్చిపోయి వెళ్లిపోయాడు.

ఆ నర్సరీ స్థలం ఎవరిదో, వాళ్లు తీసేసుకుంటున్నారు. మొక్కల్ని ఇంకో నర్సరీ ఆయన ఆటోలో వేసుకుపోయాడు. కొంగలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఆదివారం మేనకోడలు వచ్చి లైటు నా చేతికిచ్చింది. "మీరు పెట్టిందే కదా అంకుల్, మీకే పనికొస్తుంది" అంది. క్యారియర్ కూడా ఆ పిల్ల చేతిలోనే ఉంది. అలవాటుగా తెచ్చేసిందట.

లైటు ఇప్పుడు నా షాపు బోర్డు కింద పెట్టుకున్నాను. ఈ మధ్య సాయంత్రాలు నేనూ పెద్దగా కదలడం లేదు. కుర్చీ బయట వేసుకుని కూర్చుంటాను. కాసేపటికి లైటు ఆరిపోతుంది. అప్పుడు చెయ్యెత్తుతాను, తలకన్నా ఎత్తుగా, నిదానంగా. లైటు వెలుగుతుంది. రోడ్డు మీద బైకులు పోతుంటాయి. ఇంకా ఎవరూ తిరిగి ఎత్తలేదు. కొత్త కదా, కొన్నాళ్లు పడుతుంది.